చిటికెన వేలికి తెలియని సూది

నా మాత్రలు అయిపోయి మూడు నెలలైంది. ఇప్పుడు నిదానంగా కూర్చుని తలుచుకుంటే, జరిగింది జరిగినట్టు చెప్పగలనని అనిపిస్తోంది. పదో తరగతి వరకే చదివినదాన్ని, ఇంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు. అయినా రాస్తున్నాను. నాలాగే మచ్చ దాచుకుని తిరిగే ఆడవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారని నాకు తెలుసు.

నా పేరు సుంకమ్మ. మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. మా ఆయన మద్దిలేటి కర్నూలుకు ఆటో తోలుతాడు. నేను బొంతలు కుడతాను. కర్నూలులో జాకెట్లు కుట్టే దుకాణాల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలను మా ఆయన వారానికో మూట కట్టించుకుని తెస్తాడు. అందులోంచి నూలు ముక్కలు ఏరి, ఉతికి, రంగుల వారీగా కుప్పలు పెడతాను. ముక్కకు ముక్క అతికి పైపొర చేసి, కింద పాత నూలు చీరలు రెండు మూడు మడతలు పరిచి, అన్నిటినీ కలిపి చేత్తో వరసలు వరసలుగా కుడతాను. పసిపిల్లల కింద మెత్తగా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి కుట్టించుకుపోయేవాళ్లు. ఉయ్యాలకు వేలాడదీసే గుడ్డ చిలకలు కూడా చేసేదాన్ని. చిలక ముక్కు చిన్న పని. వేలి కొసతో లోపలి నుంచి తోసి తిరగేయాలి. అది మా ఊర్లో నాకంటే బాగా ఎవరికీ రాదని నాకు కొంచెం గర్వం ఉండేది.

ఏప్రిల్

ఒకరోజు మధ్యాహ్నం వసారాలో కూర్చుని బొంతకు అంచు కుడుతున్నాను. పక్కింటి హుసేన్‌బీ ముక్కలు ఏరి పెడుతోంది. నాకంటే అయిదారేళ్లు చిన్నది. పదేళ్లుగా ఇద్దరం కలిసే కుడుతున్నాం.

"అక్కా, ఆ పసుపు ముక్క మీద మరకలేంది?" అనింది.

చూస్తే మూడు ఎర్రటి చుక్కలు. పక్కన తెల్ల ముక్క మీద ఇంకొకటి. ఏదో ముక్క రంగు వదిలిందనుకున్నాను. తర్వాత ఎడమ చేయి తిప్పి చూసుకుంటే చిటికెన వేలి కొసన నెత్తురు కారుతోంది. సూది వేలిలో దిగి, బయటికొచ్చి, మళ్లీ గుడ్డలోకి పోయింది. నాకు తెలియలేదు.

"నొప్పి పుట్టలేదా అక్కా?"

"లేదు."

"కుట్టీ కుట్టీ వేళ్లు మొద్దుబారినాయిలే."

నేనూ అదే అనుకున్నాను. మరకైన రెండు ముక్కలు విప్పేసి వేరేవి వేశాం.

అప్పటికి ఏడాదిగా నా ఎడమ ముంజేతి మీద ఒక మచ్చ ఉంది. చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం పాలిపోయి ఉండేది. దురద లేదు, మంట లేదు. మందుల షాపులో అడిగితే ఒక పూతమందు ఇచ్చారు. అది రాస్తూ ఉన్నాను. నొప్పి లేనిదాన్ని గురించి పట్టించుకోవాలని నాకు తోచలేదు.

జూన్

ఆశా కార్యకర్త రమాదేవి ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. చేతిలో పొడుగాటి పుస్తకం. "ఒంటి మీద యాడన్నా తెల్లగానో ఎర్రగానో మచ్చలుండాయా పిన్నీ? ముట్టుకుంటే తెలియనివి?" అని అడిగింది.

అప్పుడు మా వసారాలో బొంతల కోసం వచ్చిన ఆడవాళ్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. నేను జాకెట్టు చేతులు మోచేతి దాకా కుట్టించుకుంటాను. మచ్చ ఆ కింద, బయటికి కనపడేచోటే ఉంది. చేతిలో ఉన్న గుడ్డను దాని మీదికి లాక్కున్నాను.

"లేవు" అన్నాను.

ఆమె ఏదో రాసుకుని పక్కింటికి పోయింది.

ఆ మచ్చలు దేనికి అడుగుతారో నాకు తెలుసు. మావైపు దాన్ని పెద్దరోగం అంటారు. అసలు పేరు కూడా పలకరు. ఆ రోజు నేను అబద్ధం చెప్పకుండా ఉంటే ఈరోజు నా ఎడమ చేతి చివరి రెండు వేళ్లూ నిటారుగా ఉండేవి. తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ మాట నన్ను నొప్పించకుండా చెప్పింది గానీ, చెప్పింది.

ఆగస్టు

ఎడమ చేతి చివరి రెండు వేళ్లు లోపలికి వంగడం మొదలైంది. దోసిలి పడితే నీళ్లు నిలవడం లేదు. చీర కుచ్చిళ్లు పెట్టుకుంటే జారిపోతున్నాయి. చిలక ముక్కు తిరగేయబోతే వేలు మాట వినలేదు. నాలుగు చిలకలు పాడు చేశాక హుసేన్‌బీ నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"నువ్వు నాతో ఏమో దాస్తాండావు అక్కా. చెయ్యి సూపించు."

చూపించాను. మచ్చ కూడా చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. భయపడిందో లేదో నాకు తెలియదు. చేయి మాత్రం వదల్లేదు.

"రేపు పెద్దాసుపత్రికి పోదాం" అనింది.

మా ఆయన ఆటోలోనే కర్నూలుకు పోయాం. చీటీ రాయించుకుని, చర్మ డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్నాం. ఆ వరండాలో ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. అందరూ గోడ మీద రాసిన మాటలు చదువుతుంటారు. నేనూ చదివాను. ఏం చదివానో గుర్తులేదు.

డాక్టరమ్మ చిన్న వయసు. నన్ను కళ్లు మూసుకోమని, పెన్ను కొసతో ముట్టుకుంటూ, ఎక్కడ ముట్టుకుందో వేలు పెట్టి చూపించమంది. కుడి చేతి మీద అన్నీ చూపించాను. ఎడమ చేతి మీద చాలాసేపు ఆమె ఏమీ చేయడం లేదనుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదా అని కళ్లు తెరిస్తే పెన్ను నా మచ్చ మీదే ఉంది.

"అమ్మా, ఇది కుష్టు" అంది, మామూలు గొంతుతో. "మందు ఉంది. పన్నెండు నెలలు మింగాలి. ఒక్క నెల కూడా మానకూడదు. మందు మొదలుపెట్టినాక ఎవరికీ అంటదు. ఇంట్లో కలిసే ఉండండి, కలిసే తినండి."

నేను ఒక్కటే అడిగాను. "నేను కుట్టిన బొంతల మీద పసిపిల్లలు పడుకున్నారు. వాళ్లకు..."

"బొంతల వల్ల రాదమ్మా. కానీ మీతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లను మాత్రం ఒకసారి చూడాలి."

మొదటి మాత్రలు ఆమె ముందే మింగించారు. మిగిలిన అట్ట చేతికిచ్చారు. హుసేన్‌బీ దాన్ని తన కొంగులో ముడి వేసుకుంది, ఎవరికీ కనిపించకుండా.

బయట ఆటో దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన ఓర్వకల్లు రాళ్లగుట్టల దాకా ఆటో తోలాడు. అక్కడ ఆటో పక్కకు ఆపి, "ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

"మహేశ్వరికి చెప్పాల. దాన్ని కూడా సూడాలంట."

మహేశ్వరి మా ఒక్క కూతురు. కమలాపురంలో ఇచ్చాం. ఉగాదికి వచ్చి పది రోజులు నా పక్కనే పడుకుని పోయింది. ఈ ఆగస్టుకు దానికి ఐదో నెల.

"ఈ టైములో చెప్తావా దానికి?" అన్నాడు. మళ్లీ ఆటో తీశాడు.

మరుసటి రోజు ఆయన నాకోసం కొత్త కంచం, గ్లాసు తెచ్చి గూట్లో వేరేగా పెట్టాడు. వాటిలోనే తిన్నాను, వాటిలోనే తాగాను. డాక్టరమ్మ చెప్పినట్టు ఆయన కూడా వెళ్లి చూపించుకుని, ముందు జాగ్రత్తకని వాళ్లిచ్చిన మాత్ర వేసుకొచ్చాడు. కంచాల సంగతి మాత్రం మారలేదు.

అక్టోబరు

ఏడో నెలలో మహేశ్వరిని పురిటికి పిలుచుకు రావాలి. అంతకంటే దాచలేకపోయాను. ఫోన్ చేసి చెప్పాను. అది కాసేపు ఏడ్చింది. "మందు తింటాండావు కదమ్మా?" అని అడిగింది. తింటున్నానన్నాను. తను కూడా కడపలో చూపించుకుంటానని చెప్పింది.

రెండు రోజుల తర్వాత మా వియ్యపురాలు ఓబులమ్మ ఫోన్ చేసింది. ఆమె గట్టి మనిషి, కానీ దురుసు మనిషి కాదు.

"ఏమనుకోవద్దు వదినా. కాన్పు ఈడనే చేపిస్తాం. నీకు పూర్తిగా నయమయ్యేదాకా బిడ్డను ఆడికి పంపించేది లేదు."

"అంటదని డాక్టరు చెప్పింది వదినా."

"డాక్టర్లు చెప్తారు. పసిబిడ్డ కదా, నాకు భయం."

"సరే వదినా" అన్నాను.

నా స్థానంలో ఉంటే ఆమె ఏమనేదో, ఆమె స్థానంలో ఉంటే నేనేమనేదాన్నో చాలా రోజులు ఆలోచించాను. నేనైతే ఫోన్ కూడా చేసేదాన్ని కాదేమో.

ఆ మాట మా ఆయనకు చెప్తే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "మనమేమన్నా అంటరానోళ్లమా?" అన్నాడు. ఆ మాట అన్నాక గూట్లో ఉన్న నా కంచం వైపు చూశాడు. మరుసటి రోజు పొద్దున నేను సగం తాగి పెట్టిన గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగేశాడు. ఆ రోజు నుంచి కంచాలు అన్నీ కలిసిపోయాయి.

ఊర్లో ఎట్లా తెలిసిందో తెలియదు. మాత్రల వల్ల నా ఒళ్లు నల్లబడుతోంది, ముఖం రాగి రంగు తిరిగింది. అడిగినవాళ్లకు ఎండ అని చెప్పేదాన్ని. ఒకరోజు తలుపు తీస్తే గడప ముందు ఒక బొంత ఉంది. ఆకుపచ్చ, నారింజ ముక్కలతో పైవీధి బాలింతకు కుట్టిచ్చింది. ఉతికి, ఎండబెట్టి, చక్కగా మడిచి పెట్టిపోయారు. ఆ వారంలో ఇంకో రెండు వచ్చాయి. కుట్టమని అడిగేవాళ్లు ఆగిపోయారు.

హుసేన్‌బీ వచ్చి ఆ మూడింటినీ చూసింది. ఆకుపచ్చది తీసుకుని చంకలో పెట్టుకుంది.

"మా కోడలు బిడ్డకు చాలీచాలని దుప్పటి ఉండాది. ఇది నేను తీసుకుంటా."

"మీ కోడలు ఏమంటుందో అడుగు ముందు."

"అడిగినాను. ఆయమ్మే తెమ్మనింది."

అబద్ధమేమో అనుకున్నాను. కాదు. మరునాడు వాళ్ల వాకిట్లో ఆ బొంత పరిచి, పిల్లవాణ్ని దాని మీద బోర్లా పడుకోబెట్టి ఉన్నారు, వీధిలో పోయేవాళ్లందరికీ కనపడేటట్టు.

డిసెంబరు

మహేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. ఫోన్‌లో చూశాను. ముఖం ఎర్రగా, కళ్లు మూసుకుని ఉంది. ఎవరి పోలికో తెలియలేదు. మా ఆయన వెళ్లి చూసి వచ్చాడు. నేను వెళ్లలేదు.

అదే నెలలో మోచేతి దగ్గర నరం లాగడం మొదలైంది. చేయి బల్ల అంచుకు తగిలితే భుజం దాకా మంట. డాక్టరమ్మ వేరే మాత్రలు కలిపింది, చేతికి పట్టీ కట్టించింది. నెలకు రెండు మూడుసార్లు ఆసుపత్రికి పోవాల్సి వచ్చేది. వరండాలో ఊరికే కూర్చోలేక ముక్కల సంచి తీసుకుపోవడం మొదలుపెట్టాను. నా మనవరాలికి బొంత. వాళ్లు వాడతారో లేదో తెలియదు. ముక్కలు మోకాలి మీద పెట్టుకుని, కింద ఎడమ చేయి ఆనించి, కుడి చేత్తో అతికేదాన్ని.

అక్కడే నాగన్న పరిచయమయ్యాడు. ఎమ్మిగనూరు నుంచి వచ్చే నేతపని ఆయన. అరవై ఏళ్లుంటాయి. ఆయనకు రెండు చేతులకూ స్పర్శ లేదు. ఆయన కూడా నాలాగే వైద్యానికి ఆలస్యంగా వచ్చాడు.

"ఎడమ చెయ్యి గుడ్డ కింద ఎందుకు పెడతాండావమ్మా? సూది దానికే కదా దిగేది" అన్నాడు.

"పెట్టకుంటే గుడ్డ ముడత పడతాదన్నా."

"బిగించి కట్టు. బిగువుగా ఉండే గుడ్డకు కింద చెయ్యి అక్కర్లేదు."

తర్వాతి నెల వచ్చేటప్పుడు బస్సులో ఒక చెక్క చట్రం మోసుకొచ్చాడు. పాత మగ్గం చెక్కతో వడ్రంగి చేత చేయించానన్నాడు. గుడ్డను నాలుగు వైపులా లాగి కట్టుకోవచ్చు. దానితోపాటు నేత కొసల్లో మిగిలిన గుడ్డ పేలికలు, ముదురు నీలానివి, ఒక గుప్పెడు ఇచ్చాడు. "ఇవి కూడా వెయ్యి, రంగు పోదు" అన్నాడు.

అది చూసి నర్సమ్మ తన కూతురి పాత స్కూలు గౌను ముక్క తెచ్చి ఇచ్చింది. వరండా ఊడ్చే ఆమె ఎర్రచీర కొంగు చింపి ఇచ్చింది. గోడ వైపు చూస్తూ కూర్చునే వాళ్లు మెల్లగా ఇటు తిరిగారు. ఏ రంగు పక్కన ఏది వేయాలో తలా ఒకటి చెప్పేవాళ్లు. నేను వాళ్ల మాట పెద్దగా వినలేదు. రంగుల విషయంలో నేను ఎవరి మాటా వినను.

మార్చి

ఇంట్లో పద్ధతులు కొన్ని మార్చుకున్నాను. పొయ్యి మీది గిన్నె పట్టుకారుతోనే దించుతాను. కుట్టడం పగటి వెలుతురులోనే. పని అయ్యాక రెండు చేతులూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, ఒక్కో వేలూ కళ్లతో చూసుకుంటాను. వేలు చెప్పాల్సింది ఇప్పుడు కన్ను చెప్పాలి. మొదట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు జడ వేసుకున్నట్టే.

చిలకలు చేయడం మానేశాను. ముక్కు తిరగేసే పని ఇక నావల్ల కాదు. రంగులు నేను ఏర్చి కూర్చి ఇస్తే హుసేన్‌బీ కుడుతుంది. మొదటిసారి ఆమె చేసిన చిలక ముక్కు వంకరగా వచ్చింది. నేను ఏమీ అనకుండా పక్కన పెట్టాను. ఆమె దాన్ని తీసుకుని మళ్లీ విప్పింది.

"బాగాలేదని చెప్పక్కా. నువ్వు చెప్పకుంటే నాకెట్ల వస్తాది?" అనింది.

అప్పటి నుంచి చెబుతున్నాను. ఇప్పుడు ఆమెవి నావి కంటే బాగుంటున్నాయి. ఆ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

జులై

పన్నెండో అట్ట అయిపోయింది. డాక్టరమ్మ మళ్లీ కళ్లు మూయించి పరీక్ష చేసింది. మచ్చ దగ్గర ఒకటి రెండు చోట్ల తెలిసింది. వేళ్లకు తెలియలేదు.

"మందు ఆపేయొచ్చమ్మా. రోగం పోయింది. వేళ్లు మాత్రం ఇంతే ఉంటాయి" అంది.

సంతోషపడాలని తెలుసు. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, ఇక వచ్చే నెల ఇక్కడికి రావాల్సిన పని లేదు కదా అనుకున్నాను. నాగన్న ఆ రోజు రాలేదు. నా మందు ఆపేశారని ఆయనకు చెప్పమని నర్సమ్మకు చెప్పి వచ్చేశాను.

సెప్టెంబరు

మహేశ్వరి ఫోన్ చేసి, "అమ్మా, మా అత్త నిన్ను రమ్మంటాంది" అని చెప్పింది. ఎందుకని అడిగితే తెలియదంది.

బస్సులో కడప మీదుగా కమలాపురం పోయాను. బొంత సంచిలో పెట్టుకున్నాను. ఓబులమ్మ కుర్చీ వేసి, నీళ్లిచ్చింది. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. తొమ్మిదో నెల. దూరం నుంచే చూశాను. మహేశ్వరి నా సంచిలోంచి బొంత తీసి ఎవరినీ అడగకుండా మంచం మీద పరిచింది. ఓబులమ్మ దాన్ని చూసింది.

మహేశ్వరి వంటింట్లోకి పోగానే ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. నా ఎదురుగా కూర్చుని చీర పిక్క దాకా పైకి లాగింది. అరచేయంత మచ్చ.

"నాలుగు నెలల నుంచి ఉండాది వదినా. ఎవురికీ చెప్పలా. నా కొడుక్కి కూడా చెప్పలా." ఆమె నా ముఖంలోకి చూసింది. "అదేనా?"

ఆమెను ఎప్పుడైనా ఎదురుగా చూస్తే ఏమేం అనాలో నేను పదకొండు నెలలుగా మనసులో కూర్చుకుని ఉన్నాను. అవన్నీ గుర్తున్నాయి. అనబుద్ధి కాలేదు. జూన్ నెలలో వసారాలో మచ్చ మీదికి గుడ్డ లాక్కుంటున్నప్పుడు నా ముఖం ఎట్లా ఉండిందో అప్పుడు ఆమెలో చూశాను.

"నేను డాక్టర్ని కాదు వదినా. రేపు పొద్దున్నే కడపకు పోయి సూపిద్దాం."

"నువ్వు తోడొస్తావా?"

"వస్తా."

మరునాడు నలుగురం పోయాం, పాపతో సహా. చీటీ రాయించుకుని వరండాలో కూర్చున్నాం. ఓబులమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని గోడ మీది రాతలు చదువుతోంది. మహేశ్వరి సీసాలో నీళ్లు పట్టుకురావడానికి పోయింది. అప్పుడే లోపలి నుంచి ఓబులమ్మ పేరు పిలిచారు. ఆమె పాపతోనే లేచింది. నర్సు అడ్డుకుని, "పాపను బయట ఇచ్చి రాండమ్మా" అంది.

ఓబులమ్మ మహేశ్వరి పోయినవైపు చూసింది. కనపడలేదు. లోపల రెండోసారి పిలిచారు. ఆమె నావైపు తిరిగింది.

"పట్టుకో వదినా" అని పాపను నా చేతుల్లో పెట్టి లోపలికి పోయింది.

పాప నన్ను చూసి ఏడవలేదు. కాసేపు నా ముఖంలోకి చూసి, నా భుజం మీద తల పెట్టింది. బరువుగా, వెచ్చగా ఉంది. తలలో చెమట వాసన.

కొంతసేపటికి ఓబులమ్మ బయటికొచ్చింది. చేతిలో మందుల చీటీ. "అది కాదంట. ఊరికే తామరంట" అని నా పక్కన బల్ల మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను పాపను ఆమెకు ఇవ్వబోయాను. ఆమె చేతులు చాపలేదు. మహేశ్వరి నీళ్ల సీసాతో వచ్చి మమ్మల్ని చూసి నిలబడిపోయింది. తర్వాత తేరుకుని, "అమ్మా, చెయ్యి నొప్పి పుడతాదేమో, ఇటియ్యి" అంది.

"ఉండనీలేమ్మే" అంది ఓబులమ్మ. "మందులిచ్చే కాడ శానా మంది ఉండారు."

మా వంతు రావడానికి గంట పైనే పట్టింది.